పేజెట్ ఎముకల వ్యాధి

పేజెట్ వ్యాధి ఎముకలకు వచ్చే దీర్ఘకాలిక జబ్బు. ఒంట్లో ఏదో ఒక ఎముకలో, లేదా ఎడంగా ఉన్న కొన్ని ఎముకల్లో, పాత ఎముక కరగడమూ కొత్త ఎముక పుట్టడమూ అదుపు తప్పి వేగం పుంజుకుంటాయి. ఆ ఎముక లావెక్కుతుంది, ఆకారం మారుతుంది, కానీ బలం కోల్పోతుంది. బరువు మోసే చోటయితే వంగుతుంది, బీటలిస్తుంది. దాన్ని ఆనుకునే ఉన్న పక్క ఎముక మాత్రం మామూలుగానే ఉంటుంది. ఒంట్లోని ఎముకలన్నిటినీ గుల్లబార్చే ఆస్టియోపొరోసిస్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. ఈ జబ్బు సాధారణంగా 55 ఏళ్లు దాటాక బయటపడుతుంది. నలభై ఏళ్లలోపు వారిలో చాలా అరుదు. ఆడవారికన్నా మగవారిలో కొంచెం ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరూ కాదు.

చనుమొనకు వచ్చే ఒక రకం క్యాన్సర్‌ను కూడా పేజెట్ వ్యాధి అనే అంటారు. రెండింటినీ వర్ణించింది ఒకే డాక్టరు, అంతకుమించి వాటి మధ్య సంబంధం లేదు. ఎక్స్‌రే రిపోర్టులో పేజెట్ అన్న మాట చూసి, ఫోనులో వెతికి, క్యాన్సర్ అనుకుని బెంబేలెత్తే కుటుంబాలకు ముందుగా చెప్పాల్సింది ఈ సంగతే.

పేజెట్ చూసిన రోగి

సర్ జేమ్స్ పేజెట్ (1814–1899) ఇంగ్లండ్ తూర్పు తీరంలోని గ్రేట్ యార్మత్‌లో పుట్టాడు. లండన్ సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రిలో విద్యార్థిగా ఉండగానే, 1835లో, శవపరీక్ష చేస్తున్న దేహంలోని కండరాల మీద తెల్లటి చుక్కలు గమనించాడు. ట్రైకినెల్లా అనే పరాన్నజీవి పురుగు అలా వెలుగులోకి వచ్చింది. అదే ఆసుపత్రిలో సర్జన్‌గా ఎదిగి, విక్టోరియా రాణికి సర్జన్‌గానూ పనిచేశాడు.

1856లో ఆయన దగ్గరికి ఉత్తర ఇంగ్లండ్ నుంచి 46 ఏళ్ల మనిషి ఒకరు వచ్చారు. తొడల్లో, కాళ్లలో నొప్పులు. ఎడమ మోకాలి కింద ముందరి ఎముక లావెక్కి వంకర తిరిగింది. పేజెట్ ఆయన్ని ఇరవై ఏళ్లు గమనిస్తూ వచ్చాడు. ఆ ఇరవై ఏళ్లలో కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి, వెన్ను ముందుకు వంగింది, మనిషి పొట్టివాడయ్యాడు. ముఖం ఎప్పటిలాగే ఉంది, తల మాత్రం పెరుగుతూ పోయింది. 1844లో ఆయన టోపీ చుట్టుకొలత ఇరవై రెండున్నర అంగుళాలు. 1876 నాటికి అది ఇరవై ఏడుంపావు. ఇంత జరిగినా బుద్ధికి ఏ లోటూ రాలేదు. చివరికి ముంజేతి ఎముకలో క్యాన్సర్ గడ్డ లేచి 1876లో చనిపోయాడు. ఆ ఏడాది నవంబరులో లండన్ వైద్యుల సంఘం ముందు పేజెట్ ఈ రోగి కథను, ఇలాంటివే మరికొన్నిటితో కలిపి చదివాడు. 1877లో అది అచ్చయింది.

ఎముక ఏదో వాపుతో, మంటతో ఇలా పాడవుతోందని పేజెట్ భావించి, ఆస్టియైటిస్ డిఫార్మాన్స్ అని పేరు పెట్టాడు. కారణం విషయంలో ఆ ఊహ నిలవలేదు. వర్ణన మాత్రం నిలిచింది. ఎక్స్‌రే వెలుగు చూడడానికి (1895) దాదాపు ఇరవై ఏళ్ల ముందు, రక్తపరీక్షలు లేని కాలంలో, కంటితో, చేతితో, టోపీల దుకాణం కొలతలతో రాసిన వ్యాసమది. టోపీ బిగుతవుతోందా అని అడగాలని వైద్య పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ చెబుతుంటాయి. తలపాగా చుట్టుకునేవాళ్లను ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. కళ్లద్దాల ఫ్రేము బిగుతైందా, హెల్మెట్ పట్టడం లేదా అని అడిగితే మేలు.

జబ్బు పేజెట్ కన్నా చాలా పాతది. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో, రన్‌కార్న్ పట్టణం దగ్గరున్న నార్టన్ ప్రయరీ అనే మధ్యయుగపు మఠం శ్మశానంలో తవ్విన అస్థిపంజరాలు కొన్నింటిలో ఇలాంటి మార్పులే దొరికాయి. కొందరిలో అస్థిపంజరంలో మూడొంతుల దాకా భాగం దెబ్బతింది. ఇవాళ్టి రోగుల్లో అంత తీవ్రత కనిపించదు. వందల ఏళ్ల నాటి ఆ ఎముకల్లోంచి వెలికితీసిన ప్రొటీన్లను విశ్లేషించి శాస్త్రజ్ఞులు 2019లో వివరాలు ప్రచురించారు. లండన్ నేషనల్ గ్యాలరీలో క్వెంటిన్ మాట్సిస్ సుమారు 1513లో గీసిన వృద్ధురాలి చిత్రం ఒకటుంది, 'వికార డచెస్' అన్న పేరుతో ప్రసిద్ధం. ఆ ముఖంలో ఉన్నది పేజెట్ వ్యాధేనని 1989లో బెల్జియం వైద్యుడు యాన్ డెకెకర్ వాదించాడు. కళాచరిత్రకారులు అందరూ ఒప్పుకోలేదు, అది వ్యంగ్యచిత్రమే తప్ప రోగి బొమ్మ కాదంటారు. మూడు గదుల అవతల వేలాడే బొమ్మకు రోగనిర్ణయం చేసే సరదా వైద్యులకు ఎప్పుడూ ఉన్నదే.

ఎముక లోపల జరిగేది

పెద్దయ్యాక ఎముక మారదనుకుంటాం గానీ అది నిత్యం మారుతూనే ఉంటుంది. పెద్దవారి అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు కొత్తదవుతుంది. ఈ పనికి రెండు రకాల కణాలున్నాయి. పాత ఎముకను ఆమ్లంతో, ఎంజైములతో కరిగించేవి ఆస్టియోక్లాస్టులు. ఆ గుంతను కొత్త ఎముకతో పూడ్చేవి ఆస్టియోబ్లాస్టులు. ఇల్లు మరమ్మతు చేసేటప్పుడు కూల్చే కూలీలు ముందు, కట్టే మేస్త్రీలు వెనక వచ్చినట్టే ఇక్కడా వరస ఉంది. కూల్చడం కొన్ని వారాల్లో ముగుస్తుంది, కట్టడానికి నెలలు పడుతుంది. ఎన్ని కూల్చే కణాలు పుట్టాలో నిర్ణయించే సంకేతాల్లో ముఖ్యమైనది ర్యాంక్-లిగాండ్ అనే ప్రొటీన్. దాన్ని మధ్యలోనే పట్టుకుని ఆపే మరో ప్రొటీన్ ఆస్టియోప్రొటిజెరిన్. ఈ రెండింటి తూకం మీదే ఎముక ఆరోగ్యం నిలుస్తుంది.

పేజెట్ వ్యాధి మొదలయ్యేది కూల్చే కణాలతోనే. మామూలు ఆస్టియోక్లాస్టులో కొద్దిపాటి కేంద్రకాలే ఉంటాయి. ఈ జబ్బు వచ్చిన చోట ఒక్కో కణం రాక్షసిలా పెరిగి, వంద వరకూ కేంద్రకాలు నింపుకుని కనిపిస్తుంది. సంఖ్యా ఎక్కువే, ఆకలీ ఎక్కువే. వాటి వెనకే వచ్చే ఆస్టియోబ్లాస్టులకు స్వతహాగా లోపమేమీ లేకపోయినా ఆ వేగాన్ని అందుకోవడానికి హడావిడిగా పనిచేస్తాయి. పొరలు పొరలుగా క్రమంగా పేర్చాల్సిన ఎముకను చిక్కుపడ్డ నారలా అల్లేస్తాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అతుకుల గీతలతో, పగిలిన పెంకుల నేలలా కనిపిస్తుంది. లోపలి మూలుగ స్థానంలో పీచు కణజాలమూ, లెక్కకు మించిన రక్తనాళాలూ పెరుగుతాయి. అందుకే జబ్బుపడ్డ కాలి ఎముక మీద చెయ్యి వేస్తే చుట్టుపక్కల కన్నా వెచ్చగా తగులుతుంది.

జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదట కరిగించడమే ఎక్కువ. తర్వాత కరగడమూ కట్టడమూ రెండూ ఉధృతంగా సాగుతాయి. చివర్లో ఉధృతి తగ్గి, గట్టిపడి, లావెక్కి, పెళుసైన ఎముక మిగులుతుంది. ఒకే రోగిలో ఒక ఎముక మొదటి దశలో, ఇంకోటి చివరి దశలో ఉండొచ్చు. ఇది ఎముక నుంచి ఎముకకు పాకే జబ్బు కాదు. రోగం బయటపడేనాటికి ఏయే ఎముకల్లో ఉందో, సాధారణంగా చివరిదాకా వాటిల్లోనే ఉంటుంది. వాటి లోపల మాత్రం మెల్లగా ముందుకు జరుగుతుంది. ఎక్కువగా పట్టేది కటి వలయాన్ని. ఆ తర్వాత తొడ ఎముక, నడుము వెన్నుపూసలు, పుర్రె, మోకాలి కింది పెద్ద ఎముక. చేతివేళ్ల, కాలివేళ్ల ఎముకల జోలికి రావడం అరుదు.

ఎందుకు వస్తుంది, ఎక్కడ వస్తుంది

రోగుల్లో కొందరికి తల్లిదండ్రులకో తోబుట్టువులకో కూడా ఇదే జబ్బు ఉంటుంది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రపు ఫ్రెంచ్ కుటుంబాలను పరిశీలించి 2002లో అక్కడి పరిశోధకులు ఒక జన్యువును పట్టుకున్నారు. అయిదో క్రోమోజోము మీదున్న ఆ జన్యువు పేరు ఎస్‌క్యూఎస్‌టీఎమ్1. ఇది పీ62 అనే ప్రొటీన్‌కు ఆదేశాలు ఇస్తుంది. కూల్చే కణాలకు అందే సంకేతాలను అదుపులో ఉంచడంలో ఆ ప్రొటీన్‌కు పాత్ర ఉంది. అది మారినప్పుడు కొద్దిపాటి సంకేతానికే కణం అతిగా స్పందిస్తుంది. కుటుంబంలో నడిచే పేజెట్ కేసుల్లో పాతిక నుంచి నలభై శాతం దాకా ఈ మార్పు దొరుకుతుంది, విడిగా వచ్చే కేసుల్లో పదో వంతులో. మార్పు ఉన్నవారిలో జబ్బు తరచూ తొందరగా, ఎక్కువ ఎముకల్లో వస్తుంది. అయితే మార్పు ఉన్నా జబ్బు రానివాళ్లూ ఉన్నారు.

జన్యువు ఒక్కటే కథ మొత్తం చెప్పదనడానికి ఇంకో రుజువు ఉంది. బ్రిటన్‌లో ఈ జబ్బు తగ్గిపోతోంది. ఆసుపత్రుల్లో దాచిన పాత కడుపు ఎక్స్‌రేలు తిరగేసి లెక్క కట్టినప్పుడు 55 ఏళ్లు దాటినవారిలో 1974 ప్రాంతంలో సుమారు 5 శాతం మందికి ఉండగా, ఇరవై ఏళ్ల తర్వాత అదే పద్ధతిలో చూస్తే 2 శాతమే తేలింది. తీవ్రతా తగ్గింది. ఇరవై ఏళ్లలో జన్యువులు మారవు, బయటి పరిస్థితులే మారతాయి. ఆ బయటి కారణం ఏమిటన్నదే చిక్కుముడి. 1970లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఆస్టియోక్లాస్టుల్లో వైరస్ ముక్కల్లాంటివి కనబడ్డాయి. తట్టు వైరస్ అన్నారు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ అన్నారు. కొన్ని ప్రయోగశాలలకు దొరికిన జాడలు మరికొన్నిటికి దొరకలేదు. ఆ వాదం ఇప్పటికీ తేలలేదు.

ప్రపంచంలో ఈ జబ్బు అతి ఎక్కువగా ఉన్నది బ్రిటన్‌లో, అక్కడా లాంకషైర్‌లోని మిల్లుల పట్టణాల్లో. 1980లో వెలువడిన సర్వేలో లాంకాస్టర్ చుట్టుపక్కల కొన్ని పట్టణాల్లో 55 దాటినవారిలో ఆరు నుంచి ఎనిమిది శాతం మంది ఎక్స్‌రేల్లో జబ్బు గుర్తులు కనిపించాయి. బ్రిటన్ నుంచి వలస వెళ్లినవారి వెంట ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికాలకూ చేరింది. స్పెయిన్, ఇటలీల్లోనూ కొన్ని ప్రాంతాల్లో గుంపుగా ఉంది. బ్రిటన్‌కు దగ్గరగానే ఉన్న స్కాండినేవియా దేశాల్లో మాత్రం అరుదు. ఆసియా, ఆఫ్రికాల్లోనూ అరుదే.

భారతదేశంలో అసలు లేదన్న మాట మాత్రం నిజం కాదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ సహా పలు ఆసుపత్రుల వైద్యులు పదుల సంఖ్యలో రోగుల వివరాలు ప్రచురించారు, వారిలో దక్షిణాది వాళ్లు గణనీయంగా ఉన్నారు. మన దగ్గర ఇది తక్కువగా కనబడటంలో కొంత వాటా వెతకకపోవడానిది. కాళ్ల నొప్పులతో వచ్చిన అరవై ఏళ్ల మనిషికి కీళ్లు అరిగాయని చెప్పి పంపేస్తే జబ్బు లెక్కలోకి రాదు.

లక్షణాలు

ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. వేరే పనిమీద తీయించిన ఎక్స్‌రేలోనో, షుగరు పరీక్షతో పాటు చేయించిన లివర్ పరీక్షల రిపోర్టులోనో అనుకోకుండా బయటపడుతుంది.

బాధ ఉన్నవారిలో ప్రధానమైనది నొప్పి. ఇది రెండు చోట్ల నుంచి రావచ్చు. ఎముకలోంచే వచ్చే నొప్పి లోతుగా, సలుపుతూ, కదలకుండా పడుకున్నా, రాత్రిపూటా వదలదు. రెండోది ఆ ఎముక పక్కనున్న కీలు అరగడం వల్ల వచ్చేది. తుంటిలో, మోకాలిలో, నడిచినప్పుడు పెరుగుతుంది. ఈ తేడా ఎందుకింత ముఖ్యమంటే, పేజెట్ మందులు మొదటి నొప్పిని తగ్గిస్తాయి, రెండోదాన్ని పెద్దగా తగ్గించలేవు. ఒకే మనిషికి రెండూ ఉన్నప్పుడు దేనివల్ల ఎంతో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే.

తొడ ఎముక బయటివైపుకు, మోకాలి కింది ఎముక ముందుకు వంగుతాయి. ఒక కాలు పొట్టిదై నడక మారి, ఆ బరువు నడుము మీద పడుతుంది. వంగిన ఎముక ఉబ్బిన వైపున సన్నటి బీటలు వస్తాయి. వాటిలో ఒకటి ఒక్కసారిగా పెరిగి ఎముక అడ్డంగా తెగిపోవచ్చు. పుర్రెను పట్టిన జబ్బు చాలామందిలో వినికిడిని దెబ్బతీస్తుంది. లోపలి చెవిని కప్పి ఉన్న ఎముక సాంద్రత తగ్గడమే అందుకు ముఖ్య కారణం. వెన్నుపూసలు లావెక్కి నరాలను నొక్కితే కాళ్లలో తిమ్మిరి, బలహీనత. పుర్రె అడుగుభాగం మెత్తబడి మెదడు కాండాన్ని ఒత్తడం అరుదు, కానీ ప్రమాదకరం. దవడ ఎముకను పడితే పళ్లు ఎడమవుతాయి, కట్టుడు పళ్లు పట్టవు, పన్ను పీకడం కష్టమవుతుంది. జబ్బు అస్థిపంజరంలో పెద్ద భాగాన్ని పట్టిన కొద్దిమందిలో ఆ ఎముకలకు రక్తం పంపలేక గుండె అలిసిపోతుంది. కాలు విరిగి మంచాన పడినప్పుడు రక్తంలో కాల్షియం అకస్మాత్తుగా పెరగడం మరో చిక్కు.

పేజెట్ తొలి రోగిని బలిగొన్న ఎముక క్యాన్సర్ నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలోనే వస్తుంది. అయితే ఏళ్లుగా నిలకడగా ఉన్న చోట నొప్పి హఠాత్తుగా ఎక్కువైనా, గడ్డ తేలినా ఆలస్యం చేయకూడదు. ఆ రకం క్యాన్సర్ వచ్చాక బతికే అవకాశాలు ఇప్పటికీ తక్కువే.

గుర్తించడం

రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం ఈ జబ్బు ముఖ్య సూచిక. కొత్త ఎముక కట్టే కణాలు విడుదల చేసే ఎంజైము ఇది. జబ్బు ఎంత విస్తరించి, ఎంత చురుగ్గా ఉంటే అంత పెరుగుతుంది. కొందరిలో మామూలు కన్నా పదింతలు కూడా. ఒక్క ఎముకకే పరిమితమైనప్పుడు మామూలుగానే ఉండొచ్చు. కాల్షియం, ఫాస్ఫరస్ సాధారణంగా మారవు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సూచికను చదివేటప్పుడు తొందరపాటు పనికిరాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయ జబ్బుల్లో పెరుగుతుంది, గర్భిణుల్లో, ఎదిగే పిల్లల్లో సహజంగానే ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యంగా విటమిన్ డి లోపంతో ఎముక మెత్తబడినప్పుడు పెరుగుతుంది. ఆరోగ్యంగా కనిపించే దక్షిణ భారతీయుల్లో కూడా విటమిన్ డి లోపం, ఆహారంలో కాల్షియం కొరత ఎంత విస్తారంగా ఉన్నాయో తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లోనే చూపించారు. కాబట్టి ముందు అది చూసుకోవాలి. లేకపోతే లేని పేజెట్‌కు మందు పడుతుంది.

రెండో పొరపాటు ఫ్లోరోసిస్ దగ్గర జరగొచ్చు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతపు పల్లెల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను ఎలా బిగిస్తుందో మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో, 1937లోనే వైద్య పత్రికకెక్కింది. నల్లగొండ కథ అందరికీ తెలిసిందే. అక్కడి పెద్దవాళ్ల ఎక్స్‌రేలోనూ వెన్నుపూసలు, కటి ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, కాళ్లు వంకరపోతాయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెరగొచ్చు. అయితే ఫ్లోరోసిస్ రెండు వైపులా సమానంగా పడుతుంది, ఎముకలను కలిపే లిగమెంట్లలో, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం పేరుకుంటుంది. పేజెట్‌లో ఒకవైపు ఒక ఎముక పెద్దదై, బయటి అంచు మందమై, లోపలి గీతలు ముతకబారి ఉంటాయి. రెండో వైపు మామూలుగా ఉంటుంది. ఈ తేడా ఎక్స్‌రే చదవడం వచ్చిన ఏ రేడియాలజిస్టుకైనా తెలుస్తుంది, ఆ ఊరి నీళ్ల సంగతి రోగి చెబితే ఇంకా తొందరగా తెలుస్తుంది.

జబ్బు నిర్ధారణకు సాధారణంగా మామూలు ఎక్స్‌రే చాలు. పుర్రెలో దూదిపింజల్లాంటి మచ్చలు, వెన్నుపూస చుట్టూ ఫొటో ఫ్రేములాంటి మందపాటి అంచు, పొడవాటి ఎముకలో కొవ్వొత్తి మంట ఆకారంలో ముందుకు పాకే కరిగిన ప్రాంతం అని రేడియాలజిస్టులు పేర్లు పెట్టుకున్నారు. ఇంకెన్ని ఎముకల్లో ఉందో చూడటానికి టెక్నీషియం ఎక్కించి బోన్ స్కాన్ చేస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకినా కటి ఎముక ఇలాగే దట్టంగా కనిపిస్తుంది, స్కాన్‌లోనూ మెరుస్తుంది. అరవై దాటిన మగవారిలో ఈ రెండింటిని వేరుచేయకుండా ముందుకు వెళ్లకూడదు. అనుమానం తీరనప్పుడే ముక్క తీసి పరీక్షించాలి. బరువు మోసే ఎముకనుంచి ముక్క తీస్తే అక్కడే విరిగే భయం ఉంది.

మందులు

1960ల చివరి వరకూ నొప్పి మాత్రలు తప్ప మరేమీ లేవు. మొదట వచ్చింది కాల్సిటోనిన్. కెనడా శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ కాప్ 1960ల మొదట్లో కనుగొన్న ఈ హార్మోను కూల్చే కణాలను నెమ్మదింపజేస్తుంది. సాల్మన్ చేపనుంచి వచ్చే రకం మనిషిలో బాగా పనిచేస్తుందని తేలింది. ఇంజెక్షన్లు తరచూ చేయించుకోవాలి, వికారం వస్తుంది, ఆపగానే జబ్బు తిరగబెడుతుంది. ఇప్పుడు మరేదీ వాడలేని పరిస్థితిలో తప్ప దాని జోలికి పోరు.

మలుపు తిప్పినవి బిస్ఫాస్ఫొనేట్లు. వీటి పుట్టుక వైద్యశాలలో కాదు. నీటి గొట్టాల్లో సున్నం పేరుకోకుండా ఫాస్ఫేట్ రసాయనాలు కలిపే అలవాటు పరిశ్రమలో ఉండేది. ఒంట్లోనూ అలాంటి పదార్థమే సున్నం పేరుకోకుండా ఆపుతోందా అన్న ప్రశ్నతో స్విట్జర్లాండ్‌లో హెర్బర్ట్ ఫ్లైష్, ఆయనతో పనిచేసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు గ్రాహం రసెల్ వెతుకులాట మొదలుపెట్టారు. కడుపులో విడిపోకుండా నిలిచే బిస్ఫాస్ఫొనేట్లు ఎముక కరగడాన్నే ఆపుతాయని 1969లో చూపించారు. 1971లో వాటిలో ఎటిడ్రొనేట్‌ను పేజెట్ రోగులకు ఇచ్చి చూశారు. పని చేసింది, కానీ మోతాదు పెరిగితే కొత్త ఎముకలో సున్నం చేరడాన్ని కూడా అది అడ్డుకునేది. నైట్రొజన్ చేర్చిన తర్వాతి తరం మందులు ఆ ఇబ్బంది తీర్చాయి. పామిడ్రొనేట్, అలెండ్రొనేట్, రైసిడ్రొనేట్, జోలెడ్రొనిక్ యాసిడ్ ఒకదాన్ని మించి ఒకటి శక్తిమంతంగా వచ్చాయి. ఇవి ఎముక మీద అంటుకుని కూర్చుంటాయి. ఆ ఎముకను కరిగించే కణం వీటినీ మింగి, తాను బతకడానికి అవసరమైన ఎంజైము ఒకటి స్తంభించి చచ్చిపోతుంది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది జోలెడ్రొనిక్ యాసిడ్. 5 మిల్లీగ్రాములు, ఒక్కసారి, సెలైన్‌లా నరంలోకి కనీసం పావుగంట పాటు ఎక్కిస్తారు. 2005లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధనలో ఆరు నెలలకు ఇది తీసుకున్నవారిలో 96 శాతం మందిలో జబ్బు చురుకు తగ్గింది. రెండు నెలల పాటు రోజూ రైసిడ్రొనేట్ మాత్ర వేసుకున్నవారిలో ఆ సంఖ్య 74 శాతం. ఒక్క డోసు ఫలితం చాలామందిలో ఆరేళ్లకు పైగా నిలిచింది. ఎక్కించేముందు మూత్రపిండాల పనితీరు, కాల్షియం, విటమిన్ డి చూసి, లోపం ఉంటే సరిదిద్దాలి. లేకపోతే కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది. తర్వాత రెండు వారాలు రోజుకు 1,500 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి ఇవ్వాలని మందు సూచనలు చెబుతాయి. మొదటి డోసు తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు మామూలే. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గిపోతాయి. ఆ సంగతి ముందే చెప్పకపోతే మందు వికటించిందని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. దవడ ఎముక కుళ్లడం, తొడ ఎముక అసాధారణంగా విరగడం వంటివి చాలా అరుదు, అయినా పీకాల్సిన పళ్లు ముందే పీకించుకోవడం మంచిది. మాత్రల రూపంలో వాడేవాళ్లు పరగడుపున, గ్లాసుడు మంచినీళ్లతో వేసుకుని అరగంట పాటు పడుకోకూడదు, ఏమీ తినకూడదు.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి డెనోసుమాబ్ ఇంజెక్షన్ వాడి చూశారు. ర్యాంక్-లిగాండ్‌ను పట్టుకుని ఆపే మందు ఇది. ప్రభావం ఆగగానే ఎముక కరగడం మళ్లీ ఎగబాకుతుంది కాబట్టి మొదటి ఎంపిక కాదు.

మందు ఎవరికి?

అసలు వివాదం ఇక్కడుంది. ఇంత తేలిగ్గా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను మామూలుకు తేగలిగినప్పుడు, బాధ లేనివాళ్లకు కూడా ఇచ్చేస్తే వంకరలు, విరుగుళ్లు, చెముడు రాకుండా ఆపవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. దాన్ని బ్రిటన్‌లో ప్రిజమ్ అనే పరిశోధన 1,324 మంది మీద పరీక్షించింది. సగం మందికి నొప్పి ఉన్నప్పుడు మాత్రమే చికిత్స. మిగతా సగం మందికి నొప్పితో నిమిత్తం లేకుండా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలయ్యేదాకా బిస్ఫాస్ఫొనేట్లు. 2010లో ఫలితాలు వచ్చాయి. రెండో వర్గంలో రక్తపరీక్ష చక్కబడింది. ఎముకలు విరగడంలో, ఆపరేషన్ల అవసరంలో, వినికిడిలో, రోజువారీ జీవితంలో మాత్రం తేడా రాలేదు. జోలెడ్రొనిక్ యాసిడ్‌కు ప్రాధాన్యమిస్తూ మరికొన్నేళ్లు పొడిగించి 2017లో ప్రచురించిన భాగంలోనూ అదే తేలింది.

ఇది తీర్పు కాదనేవాళ్లకూ తగిన వాదన ఉంది. అందులో చేరినవారు ఎక్కువగా డెబ్బై దాటినవాళ్లు, చాలామంది అంతకుముందే మందులు వాడినవాళ్లు. వంగిపోయిన ఎముకను ఏ మందూ నిలబెట్టలేదు, పోయిన వినికిడిని తేలేదు. యాభైల్లోనే, జబ్బు మొదటి దశలో ఇచ్చి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమోనని వాళ్లంటారు. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2014లో ఇచ్చిన సూచనలు, చిక్కులు రాగల చోట జబ్బు చురుగ్గా ఉన్న ఎక్కువమందికి జోలెడ్రొనిక్ యాసిడ్ ఇవ్వమన్నాయి. 2019లో బ్రిటన్ పేజెట్ సంఘం నాయకత్వంలో రాసిన సూచనలు ఎముక నొప్పి కోసమే ఇవ్వమన్నాయి, సంఖ్యను దించడమే లక్ష్యంగా పెట్టుకోవద్దన్నాయి.

ఈ వ్యాసకర్త మొగ్గు రెండోవైపు, ఒక సవరణతో. బాధ లేని డెబ్బై అయిదేళ్ల మనిషికి ఒక రిపోర్టు చూసి సీసా ఎక్కించడంలో అర్థం లేదు. అయితే యాభై ఏళ్ల మనిషికి తొడ ఎముకలోనో, పుర్రె అడుగునో, వెన్నుపూసలోనో జబ్బు చురుగ్గా ఉంటే, నొప్పి వచ్చేదాకా ఎదురుచూడమని చెప్పడానికి ప్రిజమ్ ఫలితాలు సరిపోవు. అలాంటివారు ఆ పరిశోధనలో తక్కువే ఉన్నారు. వెన్నుపూసల ఒత్తిడితో కాళ్లు బలహీనపడుతున్నప్పుడు, కాల్షియం పెరిగినప్పుడు, జబ్బుపడ్డ ఎముక మీదే ఆపరేషన్ జరగబోతున్నప్పుడు మందు ఇవ్వడంలో పెద్దగా అభిప్రాయభేదం లేదు. నొప్పి ఎముకదా కీలుదా అన్నది తేలనప్పుడు ఒక్క డోసు ఇచ్చి చూస్తారు. ఎముక కరగడం రోజుల్లోనే మందగిస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నొప్పి తగ్గితే అది ఎముకదే.

కీలు పూర్తిగా అరిగినవారికి తుంటి మార్పిడి, మోకాలి మార్పిడి మంచి ఫలితాలే ఇస్తాయి. రక్తనాళాలు ఎక్కువ కాబట్టి ఎముక నుంచి రక్తం ఎక్కువగా కారుతుంది, వంకర కాబట్టి కృత్రిమ కీలు అమర్చడం శ్రమ. అందుకే వీలైతే ముందే మందు ఇచ్చి జబ్బును శాంతింపజేస్తారు. విపరీతంగా వంగిన ఎముకను కోసి నిటారు చేయడం కొందరికి అవసరమవుతుంది. పొట్టి కాలికి చెప్పులో ఎత్తు, చేతికర్ర, వినికిడి యంత్రం, కండరాలకు వ్యాయామం వంటి చిన్న ఏర్పాట్లు డాక్టరు చీటీలో తరచూ మిస్సవుతాయి. మంచాన పడి ఉండటం ఈ జబ్బుకు పరమశత్రువు, విశ్రాంతి పేరుతో నెలల తరబడి పడుకోబెట్టడం మన ఇళ్లలో మామూలు.

జబ్బు రాకముందే ఆపగలమా అన్న ప్రశ్నకు ఎడిన్‌బరో వైద్యుడు స్టువర్ట్ రాల్‌స్టన్ బృందం సమాధానం వెతికింది. పేజెట్ రోగుల బంధువుల్లో ఎస్‌క్యూఎస్‌టీఎమ్1 మార్పు ఉన్న 222 మందిని తీసుకుని, కొందరికి ఒక్క డోసు జోలెడ్రొనిక్ యాసిడ్, కొందరికి ఉత్త సెలైన్ ఇచ్చి ఏళ్ల తరబడి స్కాన్లు తీశారు. రెండు వర్గాలూ కలిపి చూసినా కొత్తగా జబ్బు తలెత్తినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అంచనా వేసినదాని కన్నా తక్కువ. కాబట్టి కొత్త జబ్బును మందు ఆపుతుందని గట్టిగా చెప్పడానికి సంఖ్యలు చాలలేదు. అయితే మొదటి స్కాన్‌లోనే, ఏ బాధా తెలియకుండా ఎముకల్లో మచ్చలున్నట్టు తేలిన కొద్దిమందిలో తేడా స్పష్టంగా కనిపించింది. మందు పడ్డవారిలో ఆ మచ్చలు తగ్గాయి లేదా మాయమయ్యాయి. సెలైన్ పడ్డవారిలో ఎక్కువగా ఉన్నచోటే ఉన్నాయి. కుటుంబంలో పేజెట్ నడుస్తున్నవారు నలభై, యాభై ఏళ్లకే జన్యు పరీక్ష చేయించుకుని, మార్పు ఉంటే ఒక బోన్ స్కాన్ తీయించుకోవడం సబబేనా అన్న చర్చ బ్రిటన్‌లో ఈ ఫలితాల తర్వాతే ఊపందుకుంది.